గట్టు మీద మనిషి

క్రిస్టినా తన కాగితపు కొబ్బరితోటని ముందు వరసలో నిలబెట్టగానే, వెనకాల గోదావరి గట్టు మీద మనిషి కనబడకుండా పోయింది.

ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్న ఆ ఆడమనిషిని కత్తిరించింది మార్తమ్మ. చర్చి స్త్రీల సమాజం వాళ్ళు క్రిస్మస్‌కి అద్దాలపెట్టెలో కాగితాలతో ఊరు కడుతున్నారు. మనిషికో అట్ట. అన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, చివర్న బల్బు పెడతారు. ముందు వరసలు తలా ఒకటి పంచుకున్నాక, ఎవరికీ అక్కర్లేని ఆఖరి అట్ట మార్తమ్మకి మిగిలింది.

“మీ బొమ్మకి నా చెట్టు అడ్డొచ్చిందండి,” అంది క్రిస్టినా.

“ఫర్వాలేదమ్మా. అంత వెనకాల ఎవరు చూస్తారు?”

“ఆవిడ ఎవరి కోసం కూర్చుందండి? పడవ కోసమా?”

“ఎవరి కోసమూ కాదు. ఇంటికెళ్ళి ఏం చెయ్యాలో తోచక కూర్చుంది.”

అనేశాక మార్తమ్మ నాలిక్కరుచుకుంది. గబగబా వంగి, కింద పడ్డ కాగితం ముక్కలు ఏరసాగింది. ప్రతివారం అందరూ వెళ్ళిపోయేదాకా ఆవిడ ఏరుతూనే ఉంటుంది.

టేప్‌రికార్డర్‌లో పాట అయిపోయింది. క్రిస్టినా ఎప్పట్లా లేచి క్యాసెట్ తిప్పలేదు. బ్లేడు తీసుకుని, తోటలో నడిమి చెట్టుని మొదలంటా కోసేసింది.

“అయ్యో, అదేం పనమ్మా!” పాస్టరమ్మ గారు కేకేశారు. “వారమంతా కూర్చుని చేశావు. తోట బోసిపోయింది కదా!”

“పోనివ్వండి,” అని క్రిస్టినా మార్తమ్మ పక్కన చతికిలబడి, తనూ ఒక కాగితం ముక్క ఏరింది.

“ఆ చెట్టుంటే మీరు కనబడట్లేదండి.”