అందరికీ ఒకే కథ

ఆ రోజుల్లో కంప్యూటర్లు అల్లే సీరియళ్లు చూసేవాళ్ల మనసు కనిపెట్టి కథ మార్చుకునేవి. నిజామాబాద్‌లో మేఘన చూస్తే విడిపోయినవాళ్లు కలిసేవారు. అదే సీరియల్ పక్క గదిలో ఆమె భర్త శ్రీచరణ్ చూస్తే దొంగ పట్టుబడేవాడు. అందుకే భోజనాల దగ్గర మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

అప్పుడొక హిందీ సిరీస్ వచ్చింది. నిజమైన మనుషులతో తీసింది, ఎవరికోసమూ మారనిది. కాన్పూర్‌లో ఒక తల్లి. కొడుకు కారుతో ఒక పిల్లను గుద్ది చంపాడని ఆమెకొక్కదానికే తెలుసు. చివరి భాగంలో ఆమె బఠానీలు ఒలుస్తూ కూర్చుంటుంది. సంగీతం లేదు, కెమెరా కదలదు. ఆరు నిమిషాల తర్వాత లేచి, చెప్పులు వేసుకుని పోలీస్ స్టేషన్‌కు నడుస్తుంది.

ఆ చివరి భాగం వచ్చిన మర్నాడు మేఘన చపాతీలు ఒత్తుతుంటే శ్రీచరణ్ వంటింట్లోకి వచ్చాడు.

"ఆమె స్టేషన్‌కు పోకుంటె బాగుండు. కన్నకొడుకు గదా!"

మేఘన చెయ్యి ఆగింది. "నువ్వు గూడ గదే చూసినవా? పోకుంటె మరి ఆ పిల్ల తల్లి ఏం గావాలె?"

"నువ్వయితె చెప్తవా?"

"ఏమో. ఆమె బఠానీలు ఒలిచినంతసేపు నాకు ఊపిరాడలె. ఎట్ల తీసిన్రో మహానుభావులు!"

"గిన్నెల పడ్డ ఒక్కొక్క గింజ చప్పుడు నాకింక ఇనిపిస్తనే ఉన్నది."

పెనం మీద చపాతీ మాడిపోయింది. ఇద్దరూ తల్లి గురించి, కొడుకు గురించి గొంతులు పెంచి వాదించుకున్నారు. చివరకు శ్రీచరణ్ అడిగాడు.

"మళ్లొకసారి చూద్దామా? ఒక్క దగ్గర్నే కూసుండి?"

మేఘన పొయ్యి ఆర్పేసింది.