తోట గేటు

పారిస్‌లో తన భార్య ఒదీల్ బొమ్మలు పెట్టిన ప్రదర్శన చూసి వచ్చిన ఫెర్నాన్, ఇంటి తోటలోకి అడుగుపెడుతూనే కేకేశాడు.

"ఏమోయ్, ఊరంతా నీ మాటే! ఒకే గేటు మంచులో ఒకలా, ఎండలో ఒకలా, పొద్దువాలాక ఇంకోలా! వెలుగుని పట్టడమంటే ఇదీ అంటున్నారు. పోయినేడు పిచ్చిగీతలని నవ్వినవాళ్లే!"

చెట్టుకింద బొమ్మ వేసుకుంటున్న ఒదీల్ కుంచె ఆపలేదు.

"ఈవిడ ఇంకేమీ వేయదా అని ఒకాయన అడిగాడు. మా ఆవిడకి ఆ గేటంటే ప్రాణమండీ, దాన్ని వదిలి ఎక్కడికీ రానంటుంది అన్నాను."

"ఏ వైపు నుంచి వేశానో ఎవరూ అడగలేదా?"

"లేదే. ఏ వైపైతే ఏం?" అన్నాడు ఫెర్నాన్.

వెనక్కి తిరిగి గేటుకి తాళం వేసి, తాళంచెవి ఎప్పట్లాగే కోటు జేబులో వేసుకున్నాడు.