గ్రహాల కాపలా

రిసార్టు గేటు దాటకముందే నారాయణ అందరి ఫోన్లూ గుంజుకొని గోనెసంచిలో వేశాడు. ఇర్ఫాన్ సంచి తడిమితే ఇంకో మిషను బయటపడింది. అడ్డంగా, అరచేయి కంటే పెద్దగా, రెండు పక్కలా బటన్లు.

"ఏంది మెంబరూ ఇది?"

"గేము మామా. మా బావ షోయబ్ కువైట్ నుంచి తెచ్చినాడు."

"సిమ్ము ఏసేది యాడ?"

"సిమ్మే ల్యా దీంట్లో. ఊరికే ఆడుకునేకి."

నారాయణ దాన్ని తిప్పితిప్పి చూశాడు. చెవికి ఆనించుకొని రెండుసార్లు "హలో" అన్నాడు. ఎవరూ పలకలేదు. అప్పుడుగానీ తిరిగి ఇవ్వలేదు.

మండల అధ్యక్షుని ఎన్నిక దగ్గరపడింది. రెండు వర్గాలూ సరిసమానంగా ఉన్నాయి. ఒక్క చెయ్యి ఎటు లేస్తే కుర్చీ అటు. అందుకని ఒక వర్గానికి నాయకుడైన పెద్దాయన తనవాళ్లలో జారిపోయే రకాలను ఏరి, గండికోట దగ్గర రిసార్టులో క్యాంపు పెట్టించాడు. వాళ్లందరిలోకీ జారుడు మనిషి ఇర్ఫానని ఆయన లెక్క. ఊర్లో అందరూ మెంబరనే పిలుస్తారు. మండల మీటింగుల్లో ముందు కుర్చీలో కూర్చునేది, కాఫీ తాగేది, అధికారుల మీద కేకలేసేది ఇర్ఫానే. పొద్దున ఈ వర్గంతో టీ తాగితే సాయంత్రం ఆ వర్గం పెండ్లిలో బిర్యానీ తింటాడు.

"ఈయప్ప జారినాడంటే నువ్వు మళ్లా నా గుమ్మం ఎక్కొద్దు," అన్నాడు పెద్దాయన నారాయణతో.

నారాయణ ఆరో తరగతిలో బడి ఎగ్గొట్టి ఆ ఇంటి జెండా పట్టుకున్నాడు. జెండా రంగు మారుతూ వచ్చింది గానీ పట్టుకున్న చెయ్యి మారలేదు. ఆ తిరుగుడులో నెత్తిన వెంట్రుకలు పోయినాయి, మోకాళ్లు పోయినాయి. ఇప్పుడు ఆ గుమ్మం కూడా పోతే నిలబడేందుకు వేరే చోటు లేదు. ఇర్ఫాన్ మంచం పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఇర్ఫాన్ బాత్రూముకు పోతే తలుపు బయట నిలబడి దగ్గేవాడు. లోపలినుంచి ఇర్ఫాన్ కూడా దగ్గాలి. అది రూలు.

ఇర్ఫాన్‌కు మాత్రం ఏ బాధా లేదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చే బిర్యానీ తినడం, మిషను పట్టుకొని పడుకోవడం. నారాయణ మొదట ఓరకంట చూశాడు. తర్వాత కుర్చీ జరుపుకున్నాడు. ఆ తర్వాత మంచమే ఎక్కాడు.

నల్లటి ఆకాశం. గ్రహాలు. వాటి నడుమ ఓడలు. ఇర్ఫాన్ తన ఓడలు జరిపి బటన్ నొక్కుతాడు. అప్పుడు శత్రువు తనవి జరుపుతాడు.

"మన వంతు అయ్యేదాకా వాడు కదలడు మామా. వాని వంతులో మనం కదలకూడదు."

"మర్యాదస్తులే. మన కాడ ఎవుడు ఆగుతాడప్పా!"

ఇంతలో ఒక తెల్లటి గ్రహం ఎర్రబడింది.

"అది మనదే గదా? ఏమైంది దానికి?"

"అవతలికి దూకేసింది మామా. వాడేదో బేరం పెట్టినాడు."

నారాయణ మంచం మీద గుద్దాడు. "థూ! ఆకాశంలో గూడా ఇదే పాడు బతుకా? ముందే చెప్పింటే దాన్ని ఈడికే తెచ్చి, పక్క రూములో పెట్టి గొళ్లెం ఏసింటి గదా!"

ఆ దినం నుంచి ఆట నారాయణదే. బటన్లు నొక్కేది మాత్రం ఇర్ఫాన్.

"చిన్నాచితకా గ్రహాలు పోతే పోనీ మెంబరూ. ఈ పెద్దది పోతే మనం గోవిందా. ఓడలన్నీ తెచ్చి దీని సుట్టూ నిలబెట్టు. ఈగ గూడా దూరకూడదు."

"అట్ల చేస్తే మిగతావన్నీ ఖాళీ అయితాయి మామా."

"ముప్పై ఏండ్లుగా చూస్తాండా, నువ్వు నాకు చెప్తావా?"

ఒకసారి పెద్దాయన తనిఖీకి వచ్చాడు. తలుపు తెరిస్తే ఇద్దరూ ఒకే దుప్పటి కింద తలలు కలిపి కూర్చున్నారు.

"ఏం చేస్తాండారప్పా?"

"యుద్ధం," అన్నాడు నారాయణ తలెత్తకుండా. మళ్లా ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "మెంబరు మంచం దిగలేదన్నా!"

పెద్దాయన శానా సంతోషపడి, ఇంకో చికెన్ ప్లేటు చెప్పిపోయాడు.

ఇర్ఫాన్ ఒక్కటే ఒక్కసారి నసిగాడు. "మామా, ఇంటికి ఒక ఫోను చేసుకుంటా."

"ఎన్నికయినాక ఎంతసేపయినా మాట్లాడుకో. ఇంట్లోవాళ్లు యాడికి పోతారు?"

ఇర్ఫాన్‌కు కూడా ఆ మాట న్యాయంగానే తోచింది. బటన్ నొక్కాడు.

ఎన్నిక దినం పొద్దున, జీపులో కూర్చున్నాక, జమ్మలమడుగు దాటకముందే శత్రువు ఆఖరి ఓడ పేలిపోయింది. "గెలిచినాం మామా!" అని ఇర్ఫాన్ కేకేస్తే ముందు జీపులోవాళ్లు భయపడి బ్రేకు కొట్టారు. నారాయణ కండ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగినాక తన మాట విని ఒకరు గెలవడం ఇదే మొదలు.

మండలాఫీసు గేటు ముందు పోలీసులు, జనం. నారాయణ ఇర్ఫాన్ మణికట్టు పట్టుకొని, చుట్టూ మనుషులను దడి కట్టినట్టు నిలబెట్టి, మెట్ల దాకా నడిపించాడు. తెల్లచొక్కా నలగలేదు. క్రాపు చెదరలేదు.

"ఇదోన్నా మీ మెంబరు. ఎట్ల తీసకపోయినానో అట్లే తెచ్చినా."

పెద్దాయన నారాయణ భుజం తట్టాడు. జనంలో ఎవరో ఈల వేశారు. నారాయణ రొమ్ము విరుచుకున్నాడు.

అప్పుడే అవతలి వర్గం కారు వచ్చి ఆగింది. పోయిన ఎన్నికల్లో ఆడవాళ్ల సీటులో నిలబడి గెలిచిన అసలు మెంబరు, క్యాంపుకు తీసకపోవాలని ఎవరికీ తోచని ఇర్ఫాన్ భార్య ఫిర్దోస్, అందులోంచి దిగి, మొగుడి వైపు చూడకుండా, చెయ్యెత్తడానికి లోపలికి నడిచిపోయింది.