పసుపు కింద అక్షరాలు

కొమురవెల్లి దారిలో, చేను గట్టున రేకు నీడలో ఆ వీరగల్లు కనబడగానే కారు ఆపేశాను. పొద్దుటి నుంచి చూసినవాటిలో అది ఐదోది. మిగతా నాలుగింటి మీదా శాసనం లేదు.

రాయి నిండా ఏళ్ల నాటి పసుపు మందంగా పేరుకుని ఉంది. నడుమ కుంకుమతో అద్దిన ఒక చిన్న చెయ్యి అచ్చు. అక్షరాలు సరిగ్గా దాని కిందే ఉంటాయనిపించి, నీళ్లు పోసి బ్రష్షుతో అక్కడే మొదలుపెట్టాను.

అరగంటకు రాయి తేలింది. కత్తి దూసిన వీరుడు. ఒక్క అక్షరం లేదు. అయినా ఫోటోలు తీస్తుంటే, పసుపు గిన్నెతో ఒక ముసలమ్మ వచ్చి, రాయిని చూసి ఆగిపోయింది.

"అక్షరాలున్నయేమోనని కడిగిన అవ్వా" అన్నాను.

"గా చెయ్యి నా మనుమరాలిది బిడ్డా. మొన్న బోనాల నాడు అద్దింది. గా వారంలనే జెరమొచ్చి పోయింది. సుట్టూత పసుపు పెడుత గని, గా చెయ్యి జోలికి పోలే."

ఆమె నా ఫోను వైపు చూసింది.

"కడగకముందు ఫోటో తీసినవా బిడ్డా? ఒక్కపారి సూపియ్యి."

పొద్దుటి నుంచి తీసినవి రెండొందల పైనే. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని నా పక్కన నిలబడింది. నేను ఒక్కో ఫోటో వెనక్కి జరుపుతున్నాను, లేదని తెలిసే.