చివరి మెట్టు

టుంగుమని గంట మోగింది.

సుజన తలెత్తకుండానే మైకు అందుకుంది. చూడనక్కర్లేదు. దీపాలు పెట్టే వేళ, కాలువ కెమెరా, చివరి మెట్టు మూల. ఆ ముసలమ్మే.

"అవ్వా, నీళ్లు లోతున్నయ్. పైకి రా."

ఆ మాట కాలువ గట్టున స్తంభానికి కట్టిన స్పీకర్లో వినబడుతుంది. అక్కడి మాట మాత్రం ఇక్కడికి రాదు, బొమ్మే వస్తుంది.

తెర మీద ముసలమ్మ మెల్లగా తల తిప్పి, సరిగ్గా కెమెరా కంట్లోకి చూసింది. పెదవులు కదిపి ఏదో అంది. కర్ర ఆనించుకుని లేచి, తెర అంచు దాటి వెళ్లిపోయింది.

రోజూ ఇదే వరస.

నిరుడు వానాకాలంలో ఆ మెట్ల దగ్గరే ఒక పిల్లవాడు మునిగిపోయాడు. కాలువ బాన్సువాడను ఒరుసుకునే పారుతుంది. బట్టలుతికేవాళ్లు, బర్రెలు కడిగేవాళ్లు, ఆడుకునే పిల్లలు, ఎవరినని ఆపుతారు? ఆ తర్వాతే అక్కడికి కెమెరా వచ్చింది. ఎవరో ఇప్పించారన్నారు. ఎవరని సుజన అడగలేదు.

మెట్ల చివర మనిషి కాలు పడితే చాలు, ఊళ్లోని ఈ కెమెరాల గదిలో గంట మోగుతుంది. సుజన పిలుస్తుంది. దిగినవాళ్లు ఉలిక్కిపడి పైకొస్తారు. కెమెరా పెట్టాక ఆ కాలువ ఒక్క ప్రాణాన్నీ మింగలేదు. ఆ సంగతి తలుచుకుంటే సుజనకు గర్వంగా ఉండేది.

గర్వం పగలంతా ఉండేది. పొద్దు వాలేసరికి భయం పట్టుకునేది.

ఎందుకంటే, ఆ ముసలమ్మ తెర మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. నీళ్లలో దూకడానికి వస్తోందేమోనని సుజన కాపలా ఉండే బుచ్చన్నను చాలాసార్లు పంపింది. అతను బండి మీద వెళ్లేసరికి మెట్లు ఖాళీ.

"ఎవ్వరు లేరక్కా. మెట్లు సుత పొడిగనే ఉన్నయ్," అన్నాడు, ఆమెను అదోలా చూసి.

కెమెరాలు బిగించే నితిన్ ఊరుకునే రకమా? నీళ్లలో పోయినవాళ్లెవరో తోడు వెతుక్కుంటున్నారని, సుజన గొంతు వాళ్లకు తెగ నచ్చిందని ఆటపట్టించాడు. సుజన నవ్వేసింది గానీ, ఆ పూట అన్నం సహించలేదు. ఆ పెదవులు ఏమంటున్నాయి? తన పేరే పిలుస్తున్నాయేమో.

మర్నాడు తనే నితిన్‌ను బతిమాలింది.

"గా మూలకు గంట మోగకుంట చెయ్యొస్తదా?"

"డబ్బా గీస్తే అయిపాయె. ఇగ గా జాగల ఏం జరిగినా కెమెరా పట్టించుకోదు. కని అక్కా, ఎవరన్న పిల్లలు దిగితే?"

"పిల్లలు నడుమల దిగుతరు. గా మూలకు ఎవరొస్తరు, గామె తప్ప?"

నితిన్ తెర మీద ఆ మూల చుట్టూ చిన్న డబ్బా గీశాడు. అంతే పని.

ఆ సాయంత్రం గంట మోగలేదు.

ముసలమ్మ వచ్చింది. కూర్చుంది. తల తిప్పి కెమెరా వైపు చూసింది. సుజన మైకు ముట్టుకోలేదు.

ముసలమ్మ చూస్తూనే ఉంది. చెంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. కర్ర ఎత్తి ఆడించింది. రోజూ లేచిపోయే మనిషి ఈరోజు లేవలేదు.

సుజన కుర్చీ తిప్పుకుని గోడకేసి కూర్చుంది. పిలిస్తే పోతుంది కదా అని ఒక మనసు, పిలిస్తే రేపు మళ్లీ వస్తుందని ఇంకో మనసు.

ఇటు తిరిగేసరికి ముసలమ్మ లేదు.

చివరి మెట్టు మీద, ఆ మూలనే, ఒక చిన్నపిల్ల నిలువునా తడిసి, నోరంతా తెరిచి ఏడుస్తోంది. చప్పుడు లేదు. పక్కన కర్ర పడి ఉంది. పిల్ల నీళ్లవైపు వేలు చూపిస్తోంది.

సుజన ఆటోలో పరుగున వెళ్లేసరికి గట్టు నిండా జనం. పిల్లను తల్లి గుండెకు కరుచుకుని కూర్చుంది. కొట్టుకుపోతున్న చెప్పును అందుకోబోయి ఆ మూలనే పిల్ల జారిందట. పక్కనే ఉన్న ముసలమ్మ నీళ్లలోకి దిగి పైకి తోసిందట. పిల్ల మెట్టెక్కింది. ముసలమ్మ ప్రాణం లేకుండా తూము దగ్గర దొరికింది.

గట్టు మీద చాయ్ అమ్మే దేవిదాస్ ఆమెకు తన దుప్పటి కప్పాడు. సుజన అతని బల్ల మీద కూలబడింది.

"గీమె మీకెర్కనా?"

దేవిదాస్ ఆ స్పీకరు గొంతును గుర్తుపట్టాడు.

"గంగవ్వ. రోజు పొద్దుమూకంగ వచ్చి కూసుంటుండె. స్పీకర్ల మీ మాట ఇనబడంగనే లేసి పోతుండె. కెమెరా మెలకువగ ఉన్నదా లేదా, చూసుకునేతందుకు."

"మరి మాకెవ్వరు చెప్పలేదేంది?"

"మీరెవ్వరు అడగకపోతిరి మేడం. ఇయ్యాల మాట ఇనబడలే. కెమెరా పండుకున్నది, ఇగ నేనే కాపలుంట అన్నది. చాయ్‌కు పిలిస్తే సుత పైకి రాలే."

తన పిరికితనం ఎంత పని చేసిందో సుజనకు అప్పుడు తెలిసింది. ఒక్కటే అడిగింది.

"రోజు కెమెరాను చూసి ఏదో అంటుండె. ఏమంటుండె?"

దేవిదాస్ స్తంభం వైపు తలెత్తాడు.

"పండకు బిడ్డా, జర చూస్తుండు, అంటుండె."

నిరుడు ఆ మెట్ల దగ్గర మునిగిపోయిన తన మనుమడి పేరు మీద, మెడలోని బంగారు గుండ్లు అమ్మి ఆ కెమెరా పెట్టించింది గంగవ్వేనట.