కింది మంచం

"ఆ సీటు మారెన్‌దండీ" అంది జెమ్మా.

"తెలుసు. ఆ అమ్మాయి రావడం లేదుగా" అంటూ ముసలావిడ కూర్చుంది. ఒళ్లో ఒక రేకు డబ్బా పెట్టుకుంది.

జెమ్మా ముందు సీట్లో ఉన్న ఫాదర్ స్టాన్ వైపు చూసింది.

"ఖాళీగా పోయే సీటే కదమ్మా. అడిగారు, రమ్మన్నాను" అన్నారాయన.

బస్సు అయోవాలోని కాలేజీ గేటు దాటింది. కడుపులోని బిడ్డకూ బతికే హక్కుందని చెబుతూ ఏటా జనవరిలో వాషింగ్టన్‌లో జరిగే ఊరేగింపుకు విద్యార్థులు వెళుతున్నారు. ఈ ఏడు బృందానికి జెమ్మాయే నాయకురాలు.

బ్యానర్ తనూ మారెన్ కలిసి తామిద్దరూ ఉండే హాస్టల్ గదిలో నేల మీద పరిచి రాశారు. 'ఏ తల్లీ ఒంటరి కాదు.' చెరో వైపు కర్ర పట్టుకుందామనుకున్నారు. తీరా నిన్న సాయంత్రం మారెన్ రాలేనంది. ఒంట్లో బాగాలేదంది. ఒకదాని మీద ఒకటున్న తమ మంచాల్లో తన పై మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

"మారెన్ జబ్బుకు పేరుందా? హాకీ ఆడే కుర్రాడేనా అది?" వెనక సీట్లోంచి ఇగ్గీ అడిగాడు.

బస్సులో సగం మంది నవ్వారు. జెమ్మా కూడా నవ్వింది.

"నోర్ముయ్ ఇగ్గీ."

"నేనేమన్నాను? ప్రేమజ్వరానికి మాత్రలు దొరకవు పాపం అంటున్నాను."

ముసలావిడ డబ్బా తెరిచి వెనక్కి అందించింది. గసగసాల ముద్ద కూరిన తియ్య రొట్టెలు.

"తిను నాయనా. నోటికి కాస్త పనుంటుంది."

ఈసారి అందరూ ఇగ్గీని చూసి నవ్వారు.

జపమాల మొదలైంది. పదేసి పూసలకు ముందు ఎవరి కోసం ప్రార్థించాలో ఒకరు చెప్పాలి. ఒకరు తాతగారి మోకాలి కోసమన్నారు. ఒకరు ఇగ్గీ బుద్ధి కోసమన్నారు.

"మాటిచ్చి వెనక్కి తగ్గేవాళ్లకు ధైర్యం రావాలని" అంది జెమ్మా.

మైకు ముసలావిడ దగ్గరకొచ్చింది.

"ఒక అమ్మాయి కోసం."

"పేరు?"

"దేవుడికి తెలుసులే."

జపమాల అయ్యాక ఆవిడ జెమ్మా కాళ్ల దగ్గరున్న బ్యానర్ చుట్టను వేలితో తాకింది.

"ఈ మాట ఎవరి కోసం రాశారు తల్లీ?"

"ప్రతి తల్లి కోసం."

"మీ హాస్టల్లోనే ఏ అమ్మాయైనా కడుపుతో ఉంటే?"

జెమ్మా నవ్వేసింది. "మా హాస్టల్లో అలాంటివాళ్లు లేరండీ."

ముసలావిడ తల ఊపింది. డబ్బా మూత పెట్టింది. 

వాషింగ్టన్‌లో మంచు పడుతోంది. రెండో కర్ర పట్టుకోవడానికి జెమ్మా ఎవరినో పిలవబోయింది. అప్పటికే ముసలావిడ దాన్ని అందుకుంది. ఆవిడ పొట్టి మనిషి. బ్యానర్ ఒక పక్కకు వాలిపోయింది.

"మామ్మగారూ, పైకెత్తండి. 'తల్లి' మడతలో పడిపోయింది" అని అరిచాడు ఇగ్గీ.

జెమ్మా తన కర్రను కిందికి దించి ఆవిడ ఎత్తుకు తెచ్చింది. మడత విడిపోయింది.

రోడ్డు పక్కన జెమ్మా ఈడు అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. కోటు గుండీలు పొట్ట దగ్గర పట్టడం లేదు. ఆ అమ్మాయి బ్యానర్ చదివింది. తర్వాత జెమ్మా ముఖం చూసింది. చాలాసేపు చూసింది. ఏదో అడగబోయినట్టే ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో జెమ్మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారాక పక్కకు తిరిగింది.

"మామ్మగారూ, వచ్చేటప్పుడు నేనో మాటన్నాను."

"ఏ మాట?"

"అలాంటివాళ్లు లేరన్నాను. ఉన్నా నాకు చెప్పరు. అలా మాట్లాడే మనిషికి ఎవరు చెబుతారు?"

"చెబితే?"

జెమ్మా ఆలోచించింది. పెద్ద మాటలేవీ నోటికి రాలేదు.

"నా మంచం ఇస్తాను. నాది కింది మంచం. నిచ్చెన ఎక్కే పనుండదు."

"అంతేనా?"

"ముందు అదే తోచింది. ఇగ్గీ నోటి సంగతి కూడా నేను చూసుకుంటాను."

ముసలావిడ మొదటిసారి నవ్వింది. సంచిలోంచి ఫోను తీసి, ఒక్క వేలితో ఏదో చాలాసేపు కొట్టింది.

కాలేజీ ఇంకా కొంత దూరముందనగా, మొక్కజొన్న పొలాల మధ్య ఒక పెట్రోలు బంకు దగ్గర బస్సు ఆపించింది. అక్కడ ఆవిడ కోసం ఎవరో ట్రక్కులో ఎదురుచూస్తున్నారు. దిగుతూ డబ్బా జెమ్మా చేతిలో పెట్టింది.

"రెండు మిగిలాయి. గదికి పట్టుకెళ్లు."

"మీ పేరు అడగనేలేదు మామ్మగారూ" అంది జెమ్మా.

తలుపు అప్పటికే మూసుకుంది.

గదిలో పై మంచం మీద జెమ్మా దిండు, దుప్పటి మడిచి పెట్టి ఉన్నాయి. కింది మంచం మీద మారెన్ మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. ముందు రేకు డబ్బా వైపు చూసింది. తర్వాత జెమ్మా ముఖం చూసింది.

జెమ్మా తలుపు దగ్గరకు వేసింది. వెళ్లి పక్కన కూర్చుని డబ్బా మూత తీసింది.

మారెన్ ఒక రొట్టె తీసుకుంది. తినకుండా చేతిలోనే పట్టుకుంది.

"కింది మంచం ఇస్తానన్నావట" అంది మెల్లగా. "అమ్మమ్మ చెప్పింది."