సరిపడా

జానకీబాయి గదిలోకి రాగానే నవ్యశ్రీ మేడం గబుక్కున కుర్చీలోంచి లేచింది.

కనకవ్వ ఒళ్లు భగ్గుమంది.

సుల్తానాబాద్‌లో ఆడవాళ్ల కోసం నడిచే ఆ మధ్యాహ్నం బడిలో మేడంకు ముద్దుల శిష్యురాలు కనకవ్వే. యాభై ఎనిమిదేళ్ల వయసులో పదో తరగతి పరీక్షకు కట్టింది. అన్నీ గట్టెక్కాయి, ఇంగ్లీషొక్కటే మిగిలింది.

నెల కింద ఈ ముసలామె జానకీబాయి వచ్చి చాప మీద తన పక్కనే చేరింది. అప్పటి నుంచి మేడం చూపు మారింది.

"ఇయ్యాల ఇనఫ్ నేర్చుకుందాం. అంటే సరిపడా," అంది మేడం. "కనకవ్వా, ఒక మాట జెప్పు."

"కూరల ఉప్పు ఇనఫ్."

"తక్కువైతే?"

"నాట్ ఇనఫ్. ఎక్కువైతే మా అత్త చేతి వంట!"

అందరూ పక్కున నవ్వారు. మేడం మాత్రం జానకీబాయి వైపు చూసింది. ఆమె తల ఊపాకే బోర్డు తుడిచింది.

చెప్పింది తానైతే చూపు ఆమె మీదనా?

రాస్తుంటే కనకవ్వ పెన్సిల్ ములుకు విరిగింది. జానకీబాయి తన పెన్సిల్ అందించింది. కనకవ్వ దాన్ని పక్కకు నెట్టేసింది.

బడి విడిచాక గుమ్మంలోనే ఆమెను నిలబెట్టింది.

"ఏమమ్మా దొరసానీ, ఒక్క ముక్క సదువవు, ఒక్క అచ్చరం రాయవు. అయినా మేడం కండ్లన్నీ నీ మీదనే. నెల దినాలల్ల నాకు పరీక్ష ఉన్నది. నువ్వొస్తే మేడం మాకు సాల్తలేదు."

జానకీబాయి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"గట్లనా చెల్లె? అయితే నేను రాను తియ్యి. నువ్వు మంచిగ రాయాలె."

మరునాటి నుంచి రాలేదు.

మూడు రోజులు కనకవ్వదే రాజ్యం. మేడం పక్కనే కూర్చుంది, అన్నిటికీ తానే జవాబు చెప్పింది.

నాలుగో రోజు తలుపుకు తాళం. మెట్ల మీద నవ్యశ్రీ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏమైంది బిడ్డా?"

"నిన్న మీరు పోయినంక పెద్దసారొచ్చి రిజిస్టర్ చూసిండు అవ్వా. పదిమంది ఉంటెనే బడి అన్నడు. మూడు దినాల సంది తొమ్మిది మందే ఉన్నరని బందు వెట్టిండు."

"ఇంకొకలను నేను పట్కొస్త!"

"నెల కిందనే ఊరంత తిరిగిన, ఎవ్వలు దొరుకలే. గందుకే గదా జానకీబాయి టీచర్ వచ్చింది."

"టీచరా?"

"నాకు ఇంగ్లీషు నేర్పింది ఆమెనే అవ్వా. నీకు ఒక్క పరీక్ష మిగిలిందని నేను చెప్తే, బడి బందు గావద్దని పదో మనిషిగ నీ పక్కన కూసున్నది."